సాక్ష్యం

ఈసారి రొమ్ము క్యాన్సర్ గురించి రాస్తున్నాను. ఉద్యమం రాతల్లో ఇదేంటనుకునే మగ మిత్రులు కాస్త ఓపిక పట్టండి. కారంచేడు, చుండూరు అన్నంత తేలిగ్గా మన సభల్లో ‘రొమ్ము’ అనే మాట రాదు. ఆ మొహమాటం ఖరీదు మన ఆడవాళ్లే కడుతున్నారు.

ఉయ్యూరు, పామర్రు, అవనిగడ్డ వైపు పల్లెల్లో కూలికెళ్లే ఏ అక్కనైనా అడగండి. చేతికి గడ్డ తగిలితే మొదట వచ్చే మాట ‘నొప్పి లేదుగా’. తర్వాత ‘ఊడ్పులు అయ్యాక చూపించుకుందాం’. ఊడ్పులయ్యాక కోతలు, కోతలయ్యాక మినుము తీత. ఈలోగా ఆరెంపీ డాక్టరు రెండు ఇంజెక్షన్లు చేస్తాడు. నొప్పి లేకపోవడమే భయపడాల్సిన సంగతని ఆమెకు ఎవరూ చెప్పలేదు. పుండు పడ్డాక విజయవాడో గుంటూరో పరిగెడతారు. ఆరోగ్యశ్రీ కార్డుకి ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అని పేరు మారింది. అది ఆపరేషన్‌కి పనికొస్తుంది, పోయిన కూలికి మాత్రం ఏ కార్డూ లేదు.

ఇది శాస్త్రం తేల్చని విషయమేం కాదు. ముంబై బస్తీల్లో టాటా మెమోరియల్ వాళ్లు 1998లో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. 35 నుంచి 64 ఏళ్ల ఆడవాళ్లు 1,51,538 మంది. సగం బస్తీల్లో రెండేళ్లకోసారి చేత్తో రొమ్ము పరీక్ష చేశారు. చేసింది డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన మహిళా ఆరోగ్య కార్యకర్తలు. మామోగ్రామ్ లేదు. ఫలితాలు 2021లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. జబ్బు ముందు దశలోనే దొరికింది. 50 దాటినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకంటే చిన్నవాళ్లలో మరణాలు తగ్గినట్టు తేలలేదు, అదీ చెప్పుకోవాలి. అయినా ఒక చెయ్యి, కొంత శిక్షణ, రెండేళ్లకోసారి గుమ్మం తొక్కే మనిషి ఉంటే చాలు, ఇంత జరుగుతుందని తేలింది కదా!

మన దగ్గరా ప్రయత్నం జరగకపోలేదు. ఉషాలక్ష్మి బ్రెస్ట్ క్యాన్సర్ ఫౌండేషన్ 2012-16 మధ్య రెండు తెలుగు రాష్ట్రాల్లో ఆరోగ్య కార్యకర్తలకు ఇలాంటి శిక్షణే ఇచ్చి పేద మహిళలకు పరీక్షలు చేయించింది. మంచి పని. 2016లో కేంద్రం 30 దాటిన ఆడవాళ్లందరికీ ఐదేళ్లకోసారి ఈ పరీక్ష చేయాలని మార్గదర్శకాలు ఇచ్చింది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి: దేశంలో 30-49 ఏళ్ల మహిళల్లో ఎప్పుడైనా రొమ్ము పరీక్ష చేయించుకున్నవాళ్లు 0.9 శాతం. నూటికి ఒక్కరు కూడా లేరు.

క్యాంపు వస్తే మనవాళ్లు ఎందుకు వెళ్లరని అడిగేవాళ్లు ఖమ్మం గుర్తు చేసుకోవాలి. 2009లో పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్ కలిసి ఆ జిల్లాలో 10-14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకాలు వేయించాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా అన్నారు. పిల్లలు చాలామంది ఆదివాసీలు, హాస్టళ్లలో ఉండేవాళ్లు. తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు వార్డెన్లు పెట్టారు. 2010లో ఆపేశారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. టీకా చెడ్డదని నేననడం లేదు, మన పిల్లలకు వేయించమనే చెబుతాను. అడక్కుండా మన ఒంటి మీద చెయ్యి వేసే పరిశోధన గురించి చెబుతున్నాను.

అడిగి చేసిన చోటు ఒకటుంది. అమెరికాలో అర్కాన్సా రాష్ట్రం, మిసిసిపి నది డెల్టా. పత్తి పొలాలు, బానిసల మనవరాళ్లు, నల్లవాళ్ల చర్చిలు. 1990ల మొదట్లో అక్కడి మెడికల్ యూనివర్సిటీవాళ్లు, క్యాన్సర్ నుంచి బతికి బయటపడ్డ నల్లజాతి ఆడవాళ్లు కలిసి ‘విట్‌నెస్ ప్రాజెక్ట్’ నడిపారు. డాక్టరు ఉపన్యాసం కాదు. ఆమే చర్చిలో లేచి నిలబడి, నాకు గడ్డ వచ్చింది, చూపించుకున్నాను, బతికున్నాను అని చెప్పడం. విన్నవాళ్లలో పరీక్షలకు వెళ్లేవాళ్లు పెరిగారని తర్వాతి అధ్యయనం చెప్పింది.

చదువుతుంటే నాకు మన పల్లె చర్చి కళ్లముందు కదిలింది. ‘సాక్ష్యం’ మనకు కొత్త మాటా? ప్రతి ఆదివారం కొంగు నెత్తిన కప్పుకుని మన అమ్మలు లేచి సాక్ష్యం చెబుతూనే ఉన్నారు. అప్పుల గురించి, తాగుబోతు మొగుడి గురించి, తగ్గిన జ్వరం గురించి. రొమ్ము గురించి ఎందుకు చెప్పకూడదు? (చర్చి పేరెత్తగానే కులం సర్టిఫికెట్ గుర్తొచ్చి కొందరు ఉలిక్కిపడతారు. 1950 ఉత్తర్వు పెట్టిన భయం అది, దాని మీద ఇంకో భాగం రాస్తాను.) చర్చికి రానివాళ్లకు డ్వాక్రా మీటింగు ఉంది, అంబేద్కర్ బొమ్మ దగ్గర అరుగు ఉంది.

కానీ సాక్ష్యం ఒక్కటే చాలదు. పాస్టరమ్మ, ఆశా, ఏఎన్ఎం, యువజన సంఘం కలిసి కూర్చోవాలి. గడ్డ దొరికిన మనిషి వెంట ఎవరెళతారు, ఆటో డబ్బులు ఎవరిస్తారు, ఆ వారం కూలి ఎవరు పూడుస్తారు అన్నది ముందే రాసుకోవాలి. అది తేల్చకుండా పరీక్షలు పెడితే భయం పంచినట్టే. ఆశాలకు పని మీద పని పెడుతూ జీతం అడక్కపోవడం కూడా అన్యాయమే. పీహెచ్‌డీ చేస్తున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీరు లెక్కలు రాయండి, కానీ ఆ పుస్తకం పల్లెలోనే ఉండాలి.

బందరు కాలవ పక్కన ఒక పల్లెలో ఇద్దరు అక్కలు మాట్లాడతామన్నారు. పెద్దామె ఒక షరతు పెట్టింది: ‘ఫొటోలు తియ్యొద్దమ్మా. మగాళ్లని మాత్రం బయటికి పంపకండి, వాళ్లూ వినాలి.’