ఆరవలసిన దీపం

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలోని ఝపటాపూర్‌లో ఒక ఇంటి ముంగిట, వేపచెట్టు నీడలో, ఒక కారు ఎనిమిది నెలలపాటు కదలకుండా నిలిచిపోయింది. అద్దాలపై ఎర్రమట్టి ధూళి పేరుకున్నది. చక్రాల చుట్టూ గడ్డి మొలిచింది. ఇంటి యజమాని మాత్రం ప్రతి ఉదయమూ కాఫీగ్లాసు చేతబట్టుకొని దానిచుట్టూ ఒకసారి తిరిగేవాడు. తలుపు తీసి తాళం తిప్పేవాడు. ఎదుటి పలకపై నారింజరంగు దీపం ఒకటి వెలిగేది. దానివంక కాసేపు చూసి, తాళం తీసి, లోపలికి వెళ్లిపోయేవాడు.

అది మామూలు కారు కాదు. పెట్రోలు ఇంజనుతోపాటు విద్యుత్ మోటారు కూడా ఉన్న హైబ్రిడ్. కలకత్తాలో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో కుమారుడు దానిని రెండోచేతి బండిగా కొన్నాడు. హైదరాబాదుకు బదిలీ అయినప్పుడు తండ్రి ఇంట విడిచివెళ్లాడు. ఆ తరువాత కొద్దికాలానికే దీపం వెలిగింది. బ్యాటరీ మొత్తం మార్చవలసిందేనని మరమ్మతు కేంద్రంవారు తేల్చారు. వారు చెప్పిన ధర, ఆ కారును అమ్మితే వచ్చే సొమ్ముకంటె ఎక్కువ.

“పాతసామాను వాడికి ఇచ్చెయ్యి నాన్నా. దానితో ఇంకేం పని?” అన్నాడు కుమారుడు ఫోనులో.

ఆ మాట తండ్రికి ఎక్కడో గుచ్చుకున్నది. ఆయన వయస్సు డెబ్బైరెండు. శ్రీకాకుళం ప్రాంతంనుంచి బెంగాల్ నాగపూర్ రైల్వే పనికి తరలివచ్చిన తెలుగు కుటుంబాలలో ఆయనది మూడవ తరం. ముప్పైఆరు సంవత్సరాలు ఆయన చేసిన పని రైలుపెట్టెలలో దీపాలు వెలిగించడం. పెట్టె కింద ఇరుసు తిరుగుతుంటే, పట్టీ సాయంతో ఒక జనరేటరు తిరుగుతుంది. అది పుట్టించిన విద్యుత్తును బ్యాటరీలు దాచుకుంటాయి. బండి స్టేషనులో ఆగినప్పుడు దీపాలూ పంకాలూ ఆగిపోకుండా కాపాడేవి ఆ బ్యాటరీలే. వాటి ఆరోగ్యం చూడడమే ఆయన జీవితం. ఆ జీతంతోనే కుమారుణ్ణి ఇంజనీరును చేశాడు. కాని తండ్రి రైలుపెట్టె కింద దూరి ఏమి చేస్తాడని ఆ కుమారుడు ఏనాడూ అడుగలేదు. తండ్రీ చెప్పలేదు.

హైబ్రిడ్ అనే పేరు కొత్తది కావచ్చుగాని, ఆలోచన పాతదే. 1900 నాటికే ఫెర్డినాండ్ పోర్షే, పెట్రోలు ఇంజనుతో విద్యుత్తు పుట్టించి, ఆ విద్యుత్తుతో చక్రాలు తిప్పే బండిని తయారుచేశాడు. రైల్వేవారికి ఇందులో వింత లేదు. డీజిల్ ఇంజనులో సైతం డీజిల్ తిప్పేది జనరేటరును. చక్రాలను తిప్పేది మోటార్లు. అక్కడ లేనిదల్లా విద్యుత్తును దాచుకొనే పెద్ద బ్యాటరీ. 1997 డిసెంబరులో జపానులో టయోటా ప్రయస్ మార్కెట్టుకు వచ్చినప్పుడు, ఆ బ్యాటరీ కూడా చేరిన బండి మొదటిసారిగా పెద్దయెత్తున తయారు కాసాగింది. బ్రేకు వేసినప్పుడు వృథాగా వేడి అయిపోయే శక్తిలో కొంత భాగాన్ని మోటారే జనరేటరుగా మారి తిరిగి బ్యాటరీకి అందిస్తుంది. తిరిగి బయలుదేరేటప్పుడు ఆ శక్తి ఇంజనుకు చేయూత అవుతుంది. హైబ్రిడ్ పొదుపులోని రహస్యం చాలావరకు ఇదే.

మరి ఆ దీపం ఎందుకు వెలిగింది? బ్యాటరీ అంటే ఒకే వస్తువు కాదు. ఆ కారులో వెనుక సీటు వీపున 132 నికెల్ మెటల్ హైడ్రైడ్ ఘటాలు ఉన్నాయి. ఒక్కొక్కటి 1.2 ఓల్టులు, వరుసగా కలిపితే సుమారు 158 ఓల్టులు. వరుసలో ఉన్న అన్నిటిగుండా ప్రవహించేది ఒకే విద్యుత్తు. అందులో ఒక ఘటం ముసలిదై ముందుగా ఖాళీ అయితే, తక్కినవి దానిగుండా బలవంతంగా విద్యుత్తును తోస్తాయి. అది తలక్రిందులై మరింత చెడుతుంది. కంప్యూటరు ఆ తేడాను పసిగట్టి, బ్యాటరీ మొత్తానికి కళ్లెంవేసి, దీపం వెలిగిస్తుంది. నూటికి తొంభై ఘటాలు బాగున్నా, చూసేవారికి బ్యాటరీ చచ్చినట్లే.

రైలుపెట్టె బ్యాటరీలు సీసంవి, ఇవి నికెల్‌వి. అయినా చెడే తీరు ఆయనకు చిరపరిచితమే. “పంక్తిలో ఒకడికి జ్వరం వస్తే పంక్తినంతా లేపెయ్యరు కదా!” అన్నాడు భార్యతో.

ఆమె నవ్వలేదు. ఆయన కుడిచేతి ఉంగరపు వేలివంక చూసింది. ఉద్యోగం తొలినాళ్లలో ఆయన ఉంగరం తీయకుండా బ్యాటరీపై చెయ్యి పెట్టాడు. ఉంగరం రెండు కొసలకు వారధి అయి, క్షణంలో ఎర్రగా కాలింది. తప్పు తనదేనని ఆయన ఎప్పుడూ ఒప్పుకొనేవాడు. ఆ పెళ్లి ఉంగరం నాటినుంచి దేవుడి గూట్లోనే ఉన్నది. ఆ బ్యాటరీ 24 ఓల్టులది. ఇది 158, మనిషి ప్రాణం తీయడానికి చాలు.

అందుచేత ఆయన మొదట కొన్నది ఘటాలు కాదు, వెయ్యి ఓల్టులకు తట్టుకొనే రబ్బరు చేతొడుగులు. ఒక కాగితంపై నియమాలు రాసి వేపచెట్టుకు అంటించాడు: మొదట బ్యాటరీ మీట ఆర్పాలి. కండెన్సర్లలోని శక్తి పోయేవరకు ఆగాలి. మీటరుతో చూడనిదే దేనినీ ముట్టరాదు. వేలికి ఉంగరం, చేతికి గడియారం ఉండరాదు. ఒంటరిగా పని చేయరాదు. చివరి నియమం భార్య పెట్టినది. పని జరిగినన్నాళ్లూ ఆమె అరుగుమీద కూర్చుని కూరలు తరిగింది.

2023 వేసవిలో పని మొదలయింది. మూత తీయగానే మొదటి దోషి కనిపించింది. బ్యాటరీని చల్లబరిచే చిన్న పంకా కారు లోపలి గాలినే పీల్చుకుంటుంది. దాని రెక్కలు ధూళితో మూసుకుపోయి ఉన్నాయి. ఘటాలకు వేడిని మించిన శత్రువు లేదు. ఆయన పంకా శుభ్రం చేసి, గాలి లోనికి వచ్చేచోట, తీసి కడుక్కోవడానికి వీలుగా సన్నని వల అమర్చాడు. కారుకు ఆయన చేసిన మార్పులలో అతిచవుకయినదీ, బహుశా అతివిలువయినదీ అదే.

ఘటాలను కలిపే రాగి పట్టీలు నల్లబడి, పచ్చని చిలుము పట్టి ఉన్నాయి. అరుగుమీద నుంచి భార్య, “చింతపండు వేసి తోమితే పోదూ?” అన్నది. ఆయన అలాగే చేశాడు. పులుపు చిలుమును కరిగించింది. పట్టీలను మంచినీటితో కడిగి, ఎండబెట్టి, గరుకు కాగితంతో రుద్దేసరికి దీపావళినాటి చెంబుల్లా మెరిశాయి.

ఆరేసి ఘటాలతో ఉన్న 22 కట్టలనూ విడదీసి, ఒక్కొక్కదానిని నిదానంగా చార్జి చేసి, కారు హెడ్‌లైటు దీపానికి తగిలించి, ఎన్ని నిమిషాలు వెలుగుతుందో గడియారం చూసి నోటుపుస్తకంలో రాశాడు. ఆరు ఓల్టులకు దిగగానే ఆపేవాడు. అంతకు మించి పిండితే మంచి ఘటాలూ చెడతాయి. చాలా కట్టలు గంటకు పైగా నిలిచాయి. మూడు మాత్రం ఇరవై నిమిషాలకే చేతులెత్తేశాయి. తక్కిన 19 కట్టలకు మరణశాసనం రాసింది ఆ మూడే.

కలకత్తా మల్లిక్ బజారులో పాత కార్ల విడిభాగాలు దొరుకుతాయి. అక్కడినుంచి ప్రమాదంలో నుజ్జయిన ఒక కారు బ్యాటరీలోని కట్టలు తెచ్చాడు. మంచివి చూసి పెట్టెయ్యలేదు. తోటివాటితో సరితూగేవి ఏరాడు. మరీ బలమైనదానిని పాతవాటి మధ్య పెట్టినా వరుస సమం కాదు. మూడుసార్లు నింపి, మూడుసార్లు ఖాళీచేసి, అన్నీ ఇంచుమించు ఒకే నిమిషాలు నిలిచాకనే తృప్తిపడ్డాడు.

ఈలోగా పొరుగున ఉన్న యువకుడు ఒక సలహా తెచ్చాడు. “తాతగారూ, ఇవన్నీ తీసేసి లిథియం పెట్టండి. గోడ ప్లగ్గు నుంచే చార్జి చేసుకోవచ్చు!” ఆ మాటకు ఆధారం లేకపోలేదు. 2004లో కాలిఫోర్నియాలో రాన్ గ్రెంబన్, ఫీలిక్స్ క్రేమర్‌ల క్యాల్‌కార్స్ బృందం ప్రయస్‌కు అదనపు బ్యాటరీలు చేర్చి, ఇంటి విద్యుత్తుతో చార్జి అయ్యే బండిగా మార్చింది. కార్ల కంపెనీలు అటువంటి బండ్లను తామే పెద్దయెత్తున అమ్మడానికి ముందు అది జరిగింది.

ఆయన ఆ సలహాను వారం రోజులు ఆలోచించి, వద్దన్నాడు. నికెల్ ఘటాల స్వభావాన్నిబట్టి రాసిన లెక్కలతో నడిచే కంప్యూటరుకు లిథియం అప్పగిస్తే, అది ఎక్కడ ఆపాలో ఎరుగదు. మితిమీరి నింపిన లిథియం అంటుకుంటుంది. చట్టమూ ఉన్నది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, నమోదు పత్రంలోని వివరాలకు భిన్నంగా బండిని ఇష్టానుసారం మార్చరాదు. పాత బండ్లకు హైబ్రిడ్ పరికరాలు అమర్చడానికి 2016లో నియమాలు వచ్చినా, అవి పరీక్షించి ఆమోదించిన పరికరాలకే. చెడినదానిని అటువంటిదానితోనే మార్చడం మరమ్మతు. బండి స్వభావాన్నే మార్చడం వేరు. “తెలిసినంతవరకే చెయ్యి పెట్టాలి నాయనా. పెట్టెలో కూర్చునేది మనం కాదు, జనం. అదే మాకు నేర్పారు,” అన్నాడు.

చలికాలం వచ్చేసరికి ఒక చిక్కు మిగిలింది. పట్టీల మరలను సరిగా ఒకే బిగువుతో బిగించాలి. వదులయితే వేడెక్కుతాయి, అతిగా బిగిస్తే విరుగుతాయి. ఆయన కుడిచెయ్యి కొంతకాలంగా వణుకుతున్నది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. భార్యకు చెప్పవలసిన పని లేదు.

2024 సంక్రాంతికి కుమారుడు వచ్చాడు. భోగినాటి మధ్యాహ్నం తండ్రి చేతొడుగులు తీసి అతని ముందు పెట్టాడు. “ఉంగరం తియ్యరా. గడియారం కూడా.”

కుమారుడు తీశాడు. తండ్రి నోటుపుస్తకం తెరిచి పక్కన కూర్చున్నాడు. కుమారుడు ఒక్కొక్క మరనూ బిగించి అంకె చదువుతుంటే, తండ్రి వంకరగీతలుపోయే అక్షరాలతో రాసుకున్నాడు. సగం పని అయ్యాక కుమారుడు తలెత్తకుండానే అడిగాడు: “రైలుపెట్టె కింద కూడా ఇలాగే చేసేవాడివా నాన్నా?”

తండ్రి చెప్పసాగాడు. వానాకాలంలో పట్టీలు జారిపోవడం, అర్ధరాత్రి బండికింద లాంతరుతో దూరడం, ఒక్క ఘటం కోసం పెట్టెంతా చీకటి కావడం. చీకటి పడేవరకు చెప్పాడు. భార్య రెండుసార్లు కాఫీ తెచ్చింది. రెండుసార్లూ అది చల్లారిపోయింది.

మరునాడు తాళం తిప్పారు. నారింజరంగు దీపం ఒక్కక్షణం వెలిగి ఆరిపోయింది.

“ఆరింది!” అని కేకవేశాడు ఆయన.

“పండుగపూట ఆ మాటేమిటండీ! కొండెక్కింది అనండి,” అన్నది భార్య, కొంగు సర్దుకొని వెనుక సీటులో కూర్చుంటూ.

ఆ కారు కొత్తదయిపోలేదు. ఎప్పుడో మరొక కట్ట చెడుతుంది. ఆ సంగతి ఆయన నోటుపుస్తకంలో రాసే ఉన్నది. ఆ పుస్తకం మాత్రం ఇప్పుడు ఝపటాపూర్‌లో లేదు. వెళ్లేటప్పుడు కుమారుడు అడిగి తీసుకువెళ్లాడు.