రెండడుగుల ఎత్తు

ఎత్తు మీద వ్యాసమా, అదీ కొల్లేటి లంకవాడా అని మీరు నవ్వుకోవచ్చు. నవ్వండి, తప్పులేదు. మా వైపు నేల ఎంత చదునో లోకానికి తెలియనిది కాదు. తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే ఉందంటే ఊరికే ఉందా? మాకు ఎత్తంటే కాలవగట్టు. అంతకంటే ఎత్తంటే కొబ్బరిచెట్టు. మరీ పెద్ద ఎత్తంటే ద్వారకా తిరుమల కొండ. అక్కడితో సరి. రెండువేల ఏళ్ళ కిందటే గుంటుపల్లి కొండమీద గుహలు తొలిపించుకుని చల్లగా కూర్చున్న బౌద్ధ భిక్షువులు ఈ విషయంలో మాకంటే ముందుచూపున్నవాళ్ళు.

అటువంటి నేల మీద పుట్టి, ఏలూరులో చదివి, ఉద్యోగం పేరున నాలుగు దేశాలు తిరిగాను. తిరిగిన చోటల్లా స్నేహితులు నన్ను ఏదో ఒక మేడ ఎక్కించారు. అతిథికి మనం పూతరేకులు పెట్టినట్టు, వాళ్ళు ఎత్తు చూపిస్తారన్నమాట.

ఈ మేడల కథ కొంచెం చెప్పుకోవాలి. 1889లో పారిస్‌లో ఈఫిల్ టవర్ కట్టినప్పుడు దాని ఎత్తు సుమారు 300 మీటర్లు. 1931లో న్యూయార్కులో ఎంపైర్ స్టేట్ భవనం లేచింది, దాని 86వ అంతస్తు నుంచి ఊరంతా చూడవచ్చు. ఇవన్నీ చూడటానికి ఎక్కే మేడలు. ఆ తర్వాత వరస మారింది. టొరంటోలో 1976లో తెరిచిన సీఎన్ టవర్ ఎత్తు 553 మీటర్లు. 1994లో, 342 మీటర్ల ఎత్తున, దాని నేలలో కొంత మేర అద్దం వేశారు. 2007లో అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ దగ్గర, హువలపాయ్ తెగవారి భూమిలో, లోయ అంచు దాటి 70 అడుగులు ముందుకు చొచ్చుకువచ్చే అద్దాల దారి కట్టారు. అది గుర్రపు నాడా ఆకారంలో ఉంటుంది. 2016లో చైనాలోని జాంగ్‌జియాజీలో 430 మీటర్ల పొడవున అద్దాల వంతెనే వేసేశారు. దుబాయి బుర్జ్ ఖలీఫా సంగతి సరేసరి, 148వ అంతస్తులో, 555 మీటర్ల ఎత్తున నిలబెడతారు. చివరికి మన విశాఖపట్నం కైలాసగిరి మీద కూడా 2025 డిసెంబరులో సుమారు 50 మీటర్ల అద్దాల వంతెన వచ్చింది. అంటే ఏమైందన్నమాట? చూడటానికి కట్టిన మేడలు క్రమక్రమంగా భయపెట్టటానికి కట్టే మేడలయ్యాయి. కళ్ళకోసం మొదలుపెట్టి కాళ్ళకోసం కట్టడం నేర్చుకున్నారు.

ఆ భయం మాత్రం నిజమైన భయమే. టొరంటోలో అద్దం అంచున నిలబడి ఉండగా మన వైపు పెద్దావిడ ఒకరు కనిపించారు. మనవడు అద్దం మీద గెంతుతున్నాడు. ఆవిడ మటుకు అడుగు వెయ్యలేదు. "కింద నేల లేదురా నాయనా, నేను రాను" అని చీర కుచ్చెళ్ళు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు గాని, ఆవిడ తెలివి తక్కువది కాదు. ఎలినార్ గిబ్సన్, రిచర్డ్ వాక్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1960లో ప్రకటించిన ప్రయోగం ఒకటుంది. పాకే పసిపిల్లల్ని బల్ల మీద ఉంచి, ఒక పక్క పల్లం కనబడేటట్టు పైన అద్దం పరిచారు. అవతల తల్లి నిలబడి ఎంత పిలిచినా ఎక్కువమంది పిల్లలు ఆ అద్దం మీదికి రాలేదు. అద్దం గట్టిదని బుద్ధికి చెప్పవచ్చు, ఒంటికి చెప్పడం కష్టం. నేనూ అద్దం మీద నిలబడ్డాను. మోకాళ్ళ వెనక చల్లగా నీళ్ళు జారినట్టయింది.

అంత ఎత్తు మీంచి నేను చూసిందేమిటి? అగ్గిపెట్టెల్లాంటి ఇళ్ళు, చీమల బారులాగా కార్లు, అవతల పెద్ద సరస్సు. ఆ ఇళ్ళల్లో ఎవరుంటారో, వాళ్ళ బాధేమిటో పైనుంచి ఏం తెలుస్తుంది? అయిదు నిమిషాలయ్యేసరికి అందరూ ఫోటోల్లో పడ్డారు, నేనూ పడ్డాను.

ఇక మన కొల్లేరుకి రండి.

కిందటి శీతాకాలం ఊరొచ్చినప్పుడు మా మావయ్య నన్ను కైకలూరు పక్కనున్న ఆటపాక తీసుకువెళ్ళాడు. అక్కడ పక్షుల్ని చూడటానికి ఒక టవరుంది. కొబ్బరిచెట్టంత ఎత్తు ఉంటుందో ఉండదో. అద్దం లేదు, భయం లేదు. ఎక్కి చూస్తే గూడబాతులు, అదేనండీ పెలికాన్లు, ఇనప స్టాండ్ల మీద గూళ్ళు పెట్టుకుని పిల్లలకి మేత పెడుతున్నాయి. గూళ్ళకి చెట్లు చాలక మనుషులు వేసిన స్టాండ్లవి. ఆ అవతల, చూపు ఆనినంత మేర, గట్లు గీసినట్టు చేపల చెరువులు.

మావయ్య చెయ్యి చాపి, "అదుగో, మన చెరువు అక్కడుండేది" అన్నాడు.

తెలియనివారికి చెబుతున్నాను. కొల్లేరు కృష్ణా గోదావరి డెల్టాల నడుమ ఉన్న పళ్ళెం లాంటి పల్లం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, ఇంకా ఎన్నో కాలవలు వచ్చి ఇందులో కలుస్తాయి. నీరు పల్లమెరుగు అన్నారు గదా! సముద్రానికి పోవడానికి దారి ఉప్పుటేరు ఒక్కటే. సరస్సు ఎంతవరకు అన్నది ఇక్కడ ఎత్తునుబట్టి లెక్క కడతారు. సముద్రమట్టానికి మూడడుగుల ఎత్తు గీత వరకు అయితే 135 చదరపు కిలోమీటర్లు. అయిదడుగుల గీత వరకు అయితే 308. ఏడడుగులకి వెళ్ళేసరికి 675. మా వాళ్ళు మూడో కాంటూరు, అయిదో కాంటూరు అంటారు, చదువుకున్నవారూ చదువుకోనివారూ కూడా. మా లంకల్లో ఈ మాట తెలియని ముసలమ్మ ఉండదు.

1999లో అయిదో కాంటూరు వరకు అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరిట ఆ గీత లోపలి చెరువుల గట్లు తెంచారు. 2008లో మన శాసనసభ అయిదుని మూడుకి తగ్గించాలని తీర్మానించింది. మూడుకీ అయిదుకీ తేడా రెండడుగులు. ఆ రెండడుగుల్లో 173 చదరపు కిలోమీటర్ల నేల ఉంది, దాని మీద బ్రతికే ఊళ్ళున్నాయి, పక్షులున్నాయి.

నేను టొరంటో సంగతి, దుబాయి సంగతి చెబుతుంటే మావయ్య అంతా విని అడిగాడు:

"ఒరే అబ్బాయ్, ఆ మేడల మీంచి చూస్తే ఈ రెండడుగులు కనపడతాయా?"

"కనపడవు మావయ్యా."

"మరంత ఎత్తెందుకురా?"

నా దగ్గర జవాబు లేదు.

మావయ్య చెరువు గట్టు 2006లో తెగింది. అందువల్ల ఆయన పక్షులకి శత్రువనుకుంటారేమో, కాదు. "దానికి నీళ్ళు కావాలి, నాకు అన్నం కావాలి. రెండూ ఈ పళ్ళెంలోంచే రావాలి" అంటాడు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచినప్పుడు, ఆ నీరంతా చివరికి మా లంకల మీదికే వచ్చింది. అప్పుడు ఆయనే ఫోన్లో అన్నాడు: "పళ్ళెం చిన్నది చేసుకుంటే పులుసు ఒళ్ళో పడుతుందిరా."

నా మటుకు నేను తేల్చుకున్నది ఇదీ. పళ్ళెం చిన్నది కాకూడదు, అయిదో గీత నిలబడాలి. కాని దాన్ని నిలబెట్టే ఖరీదు మొత్తం అరెకరం, ఎకరం ఉన్నవాడి నెత్తిన పెట్టకూడదు. వాడికి వేరే బ్రతుకుదారి చూపించిన తర్వాతే గట్టు మీద చెయ్యి వెయ్యాలి. ఇది పక్షుల పక్షం, మనుషుల పక్షం అని విడదీసి చూసేవాళ్ళు ఆ టవరెక్కి చూడనివాళ్ళని నా అనుమానం. అక్కణ్ణించి రెండూ ఒకే చూపులో కనబడతాయి మరి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! అద్దాల వంతెనలు ఎక్కండి, వద్దనను. గుండె ఝల్లుమనడం కూడా వయసులో ఒక సరదాయే. దానికి ముందు ఒక ఆదివారం ఏలూరులో కైకలూరు బస్సెక్కి ఆటపాక వెళ్ళి రండి. సివిల్ ఇంజనీరింగు వాళ్ళు లెవెల్ యంత్రం పట్టుకెళ్ళి ఆ రెండడుగులూ స్వయంగా కొలవండి. జంతుశాస్త్రం వాళ్ళు గూళ్ళు లెక్కపెట్టండి. అర్థశాస్త్రం వాళ్ళు లంకలోకి నడిచివెళ్ళి, గట్టు తెగిన ఇంట్లో ఒక పూట కూర్చుని మాట్లాడండి. మంచినీళ్ళడిగితే మజ్జిగిస్తారు. లెక్కలు అడిగితే మాత్రం సాయంత్రం దాకా వదలరు, కాబట్టి ఆఖరి బస్సు ఎన్నింటికో ముందే కనుక్కుని వెళ్ళండి.