పడవ మొత్తం మాదే

"అక్కా, నువ్వు కూడా యాట్ ఎక్కుతున్నావంట కదా?" అని మొన్న ఒక విద్యార్థి మెసేజ్ పెట్టాడు. పక్కన నవ్వుతున్న బొమ్మ ఒకటి. ప్రశ్న మంచిదే. అందులో ఆ "కూడా" ఉందే, దానికి సమాధానంగా ఈ వారం రాస్తున్నా.

విషయం ఇది. మా అమ్మ అంగన్‌వాడీలో ఆయా. అంతకుముందు పదిహేనేళ్ళు కూలికి వెళ్ళింది. నాట్లు, కలుపులు, కోతలు, కొబ్బరి పీచు. ఈ డిసెంబరుతో రిటైరవుతుంది. బెంగళూరు నుంచి తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, అమ్మ ఎప్పుడైనా ఎక్కడికైనా ఊరికే వెళ్ళిందా?" అన్నాడు. లెక్కేశాం. పెళ్ళిళ్ళకి వెళ్ళింది, చావులకి వెళ్ళింది, నాన్నని తీసుకుని కాకినాడ పెద్దాసుపత్రికి వెళ్ళింది. అంగన్‌వాడీల సమ్మెలో విజయవాడ వెళ్ళి రోడ్డు మీద కూర్చుంది. నాతో ఒకసారి నాగపూర్ దీక్షాభూమికి వచ్చింది, దాన్ని కూడా ఊరికే అనలేం. పనిలేకుండా, పోయేవాళ్ళు లేకుండా, అడగాల్సిన డిమాండు లేకుండా ఒక్క ప్రయాణం కూడా దొరకలేదు.

తమ్ముడి ఆఫీసువాళ్ళు పోయినేడు కొచ్చిలో యాట్ మాట్లాడుకుని తిరిగారట. తెల్ల పడవ, పైన కూర్చునే చోటు, కింద ఏసీ గది. మూడు గంటలకి ఇరవై రెండు వేలు, భోజనం వేరే. వీడియో అమ్మకి చూపిస్తే రెండుసార్లు చూసి, "పడవెక్కడానికి రైలెక్కి కేరళ పోవాలంటే? కోటిపల్లి రేవులో పంటెక్కితే దాటించేస్తాడు కదే" అంది. మరదలు నవ్వి, "అత్తయ్యా, అక్కడా ఉందంట చవకది, వాటర్ మెట్రో, టిక్కెట్ ఇరవై నుంచే" అంది. "మరి అదెక్కుదాం" అంది అమ్మ. అక్కడితో అయిపోవాల్సిందే. కానీ రాత్రి పడుకునే ముందు, "ఆ పడవలో కూర్చోడానికి కుర్చీలున్నాయి కదే?" అని అడిగింది.

ఆ కుర్చీల సంగతి చెప్పాలి. అమ్మ చిన్నప్పుడు లంక పొలాల్లో పనికి పడవలో వెళ్ళేవాళ్ళు. పడవలో అడ్డపలకల మీద కామందు మనుషులు కూర్చునేవాళ్ళు. మాలపేట ఆడవాళ్ళు పడవ అడుగున, నీళ్ళూరే చోట, నారుకట్టల పక్కన కూర్చునేవాళ్ళు. అడుగున ఉన్నారు కాబట్టి ఆ నీళ్ళు తోడి బయట పోసే పని కూడా వీళ్ళదే. దానికి కూలి లేదు. "గోదారి మధ్యలో కూడా పని చెప్పేవాళ్ళే" అంటుంది అమ్మ, కోపం లేకుండా, నిన్నటి కూర గురించి చెప్పినట్టు.

సరే, వెళ్దామనుకున్నాం. కాకినాడలో ట్రావెల్స్ నడిపే ఒకాయన తమ్ముడికి దొరికాడు. మన జిల్లా కుటుంబమే ఇంకొకటి అదే వారం వెళ్తోంది, కలిసి పడవ మాట్లాడుకుంటే ఖర్చు సగమౌతుంది అన్నాడు. "మంచి ఫ్యామిలీ అండి. కరిమీన్ తినాలనే కొచ్చి వెళ్తున్నారు, పడవలోనే వేయించి పెట్టమన్నారు" అన్నాడు. తమ్ముడు అందరి పేర్లూ పంపాడు, ఆధార్‌లో ఉన్నట్టు, ఇంటిపేర్లతో సహా. అమ్మది బైబిలు పేరు. రెండు రోజులాగి ఆయనే ఫోన్ చేశాడు. "ఏమీ అనుకోకండి సార్, వాళ్ళు ప్యూర్ వెజ్ అంట. మీకే ఇబ్బంది అవుద్దని."

నాలుగు రోజుల్లో ఒక కుటుంబం మొత్తం చేపలు మానేసింది! ఇంటిపేరుకి ఎంత మహిమ ఉందో చూడండి.

తమ్ముడు ఫోన్ పెట్టేసి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మొత్తం పడవే తీసుకుందాం అక్కా. చార్టర్ అంటే అదే కదా" అన్నాడు. డబ్బున్నవాళ్ళు పడవ మొత్తం మాట్లాడుకునేది ఏకాంతం కోసం. మేం మాట్లాడుకుంటున్నది ఎవరూ "మీరెవరండీ" అని అడగకుండా మూడు గంటలు గడపడానికి. బిల్లు ఒకటే, కొన్న సరుకు వేరు.

ఇక్కడ కొచ్చి చరిత్ర కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే ఆ నీళ్ళ మీద పడవల్ని ఇలా వాడుకున్న మొదటివాళ్ళం మేం కాదు. 1913లో కొచ్చిన్ సంస్థానంలోని పులయులు సభ పెట్టుకోవాలనుకున్నారు. పొలాల్లో పండించేది వాళ్ళే, కానీ ఎర్నాకుళం వీధుల్లో నడిచే హక్కు వాళ్ళకి లేదు. సభకి నేల మీద చోటు దొరకలేదు. అప్పుడు పడవలు తెచ్చి, ఎర్నాకుళం ఎదుట కాయల్లో ఒకదానికొకటి కట్టి, ఆ పడవల మీదే సభ జరుపుకున్నారు. నేల రాజుది, నీటి మీద మాత్రం ఎవరి ఆజ్ఞా నడవదు అన్నది లెక్క. మలయాళంలో దాన్ని కాయల్ సమ్మేళనం అంటారు. దాని వెనక పులయ నాయకులతో పాటు చేపలు పట్టే కులంలో పుట్టిన కవి పండిట్ కరుప్పన్ ఉన్నాడు. ఆయన "జాతిక్కుమ్మి" 1912లో అచ్చయింది. మన జాషువా "గబ్బిలం" 1941లో వచ్చింది. తెలుగు ఎమ్మే విద్యార్థులు రెండోదాన్ని పరీక్షకి చదువుతారు, మొదటిదాని పేరు కూడా వినరు. నేనూ విశ్వవిద్యాలయంలో వినలేదు, ఉద్యమంలోకి వచ్చాక విన్నాను. ఇంకో రాష్ట్రం అంటరాని చరిత్ర మన సిలబస్‌కి అంటదు.

అదే 1913 జులైలో బాబాసాహెబ్ ఓడ దిగి న్యూయార్క్‌లో కాలుపెట్టాడు. ఒకే ఏడాది, ఒకరు సముద్రం దాటి చదువుకోడానికి, మిగతావాళ్ళు కాయల్లో నిలబడి మాట్లాడుకోడానికి. ఈ రెంటినీ కలిపి సిద్ధాంతం చెయ్యను. కానీ క్లాసులో చెప్తే పిల్లలు తలెత్తి చూస్తారు.

కొచ్చిలో యాట్‌లు ఆగే మెరీనా బోల్గాట్టిలో ఉంది, ములవుకాడ్ దీవి మీద. దాక్షాయణి వేలాయుధన్ పుట్టిన దీవి అదే. 1912లో, అంటే ఆ పడవల సభకి ముందు ఏడాది. పులయ పిల్లకి దాక్షాయణి అని పేరు పెట్టడమే అప్పట్లో పెద్ద సాహసం. ఎర్నాకుళం మహారాజా కాలేజీలో రసాయనశాస్త్రం చదివింది. అక్కడ ప్రయోగాల్ని దగ్గర నిలబడి చేయనివ్వక, దూరం నుంచి చూసే నేర్చుకోవాల్సి వచ్చింది. తర్వాత రాజ్యాంగ సభలో కూర్చున్న ఒకే ఒక్క దళిత స్త్రీ ఆమె. తన ఆత్మకథకి సముద్రానికి కులం లేదు అనే అర్థం వచ్చే పేరు పెట్టాలనుకుందట. నాకు ఆ పేరంటే ఎంత ఇష్టమో అంత తగాదా. సముద్రానికి లేదమ్మా, నిజమే. దాని మీద తిరిగే పడవకి మాత్రం వంటగది ఉంటుంది, ప్రయాణికుల జాబితా ఉంటుంది, కాకినాడలో ఒక ట్రావెల్స్ ఆఫీసు ఉంటుంది.

మధ్యలో మరదలు, యాట్ కంటే అలెప్పీ హౌస్‌బోట్ నయం కదా, రాత్రి కూడా ఉండొచ్చు అంది. అదీ ఆలోచించాం. ఒకప్పుడు ధాన్యం మోసిన కెట్టువళ్ళాలే ఇప్పుడు హౌస్‌బోట్లయ్యాయి. మేకులు లేకుండా కొబ్బరితాడుతో పలకలు కుట్టి చేస్తారని చెప్తే, పీచు వలిచిన చేతుల్ని అమ్మ ఒకసారి తిప్పి చూసుకుంది. ఆ ధాన్యం పండిన కుట్టనాడ్ పొలాలు సముద్రమట్టానికి కింద ఉంటాయి. కాయల్లోకి దిగి, బురద తవ్వి, గట్లు కట్టి ఆ నేలని పైకి తెచ్చిన చేతులు ఎక్కువగా పులయులవి. అలా తేల్చిన మూడు కాయల్ పొలాలకి చిత్తిర, మార్తాండం, రాణి అని తిరువాన్కూరు రాజకుటుంబం పేర్లు పెట్టారు. నీళ్ళలో మునిగి మట్టి తీసినవాళ్ళలో ఒక్కరి పేరూ ఏ పొలానికీ లేదు. అయినా హౌస్‌బోట్ వద్దనుకున్నది ఇందుకు కాదు. అమ్మ మోకాళ్ళకి ఆ మెట్లు పడవు. సాయంత్రానికల్లా పడవ గట్టున కట్టేస్తారు, వలలేసేవాళ్ళకి అడ్డం రాకూడదని. కట్టేసిన పడవలో దోమల మధ్య పడుకోడానికి ఆవిడ ఒప్పుకోలేదు.

ఇక ఒక మిత్రుడి ప్రశ్న. ఉద్యమంలో నాకంటే సీనియర్, ఆయన్ని నేను అన్నా అనే పిలుస్తాను. "ఆ డబ్బుతో ఇద్దరు పిల్లల హాస్టల్ ఫీజు కట్టొచ్చు కదమ్మా" అన్నాడు. కట్టొచ్చు. కడుతూనే ఉన్నాను, ఆయనకి తెలుసు. మా స్టాఫ్‌రూంలో ప్రతి వేసవికీ కూర్గ్ పోయొచ్చే సార్లున్నారు. వాళ్ళని ఈ ప్రశ్న అడిగినవాళ్ళని నేను చూడలేదు. మనవాడు సైకిలు కొన్నా, చొక్కా ఇస్త్రీ చేసుకున్నా ఊరికి లెక్క చెప్పాల్సిన రోజులుండేవి. ఆ లెక్క అడిగే గొంతు ఇప్పుడు మన లోపల్నుంచి రాకూడదు అన్నా.

1934లో బాబాసాహెబ్ కూడా కార్యకర్తలతో విహారయాత్రకి వెళ్ళాడు, వెరూళ్ గుహలు చూడ్డానికి. ఆయనే రాసుకున్నాడు. అందరూ కలిసి బస్సు మాట్లాడుకుని, దారిలో ఎవరికీ తెలియకుండా ప్రయాణం చేశారు. అయినా దౌలతాబాద్ కోట దగ్గర చెరువులో కాళ్ళూ మొహం కడుక్కున్నందుకు నీళ్ళు మైల చేశారని జనం మీదికొచ్చారు. ఉద్యమం ఆపి విహారానికి వెళ్ళాడని ఆయన్ని ఎవరైనా తప్పుపడతారా? ఆ రోజు కోటా, గుహలూ ఎలా ఉన్నాయో ఆయన తీరిగ్గా రాయగలిగి ఉంటే చదవాలని నాకుంది. మన రాతల్లో అవమానం వివరంగా దొరుకుతుంది. చూసిన అందం గురించి రెండు వాక్యాలకి మించి దొరకదు. అంత తీరిక మనకెవరిచ్చారు?

అమ్మకి ఇవేవీ పట్టవు. ఆవిడకి 2019లో మన గోదారిలో కచ్చులూరు దగ్గర మునిగిన బోటు గుర్తుంది. సరంగుకి లైసెన్సు ఉందా, లైఫ్‌జాకెట్లు పెట్టెలో ఉంటాయా ఒంటి మీద ఉంటాయా, ఎంతమందిని ఎక్కించుకుంటాడు, ఇవీ ఆవిడ ప్రశ్నలు. తమ్ముడు కొచ్చి పడవ ఆయనతో నేరుగా మాట్లాడి సర్వే సర్టిఫికెట్ ఫొటో తెప్పించాడు. పన్నెండు మందికి అనుమతి. ఆ పడవ ఆయన మమ్మల్ని అడిగింది ఒక్కటే, రొయ్యలు వేపుడా, పులుసా అని.

మేం తొమ్మిది మందిమి. మిగతా మూడు చోట్లూ అమ్మ నింపేసింది, మమ్మల్ని అడగలేదు. ఒకటి మా పిన్ని. మిగతా రెండూ లంక పొలాల్లో అమ్మతో నాట్లేసిన ఇద్దరు, వాళ్ళనీ మేం చిన్నప్పట్నుంచి పెద్దమ్మా అనే పిలుస్తాం. సామర్లకోటలో బొకారో ఎక్కాలి. పన్నెండింట్లో తొమ్మిది బెర్తులు ఖాయమయ్యాయి, మూడు వెయిటింగ్‌లో ఉన్నాయి. పెద్దమ్మల్లో ఒకావిడకి ఆధార్‌లో వయసు తప్పుపడింది, రేపు మీసేవకి తీసుకెళ్ళాలి.