ఒడి కాని సీటు

మన దగ్గర బండి మీద చంటిపిల్లకి విడిగా సీటంటూ ఉండదు. అమ్మ ఒడే సీటు, అమ్మ చెయ్యే బెల్టు. ఆయన నడుపుతుంటాడు. ఆమె వెనక ఒక పక్కకి తిరిగి కూర్చుని, ఒక చేత్తో పిల్లని పొట్టకి అదుముకుని, రెండో చేత్తో సీటు వెనకున్న కడ్డీ పట్టుకుంటుంది. కొంగు, హ్యాండ్‌బ్యాగు, పాలసీసా, ఆ పూట కొన్న కూరలు కూడా ఆ రెండు చేతుల లెక్కలోకే వస్తాయి. చూడ్డానికి ఆమె కూడా ప్రయాణం చేస్తున్నట్టే ఉంటుంది. చేస్తున్నది మాత్రం ఒక ఇనప సామాను చెయ్యాల్సిన పని. నెదర్లాండ్స్‌లో, ఉట్రెక్ట్ నగరంలో, 14 నెలల మా పాప కోసం సైకిలు సీటు వెతుక్కుంటూ తిరిగిన మూడు వారాల్లో ఈ బొమ్మ నాకు పదేపదే కళ్ళముందుకొచ్చింది.

ప్రసూతి సెలవూ, దాని వెనక పెట్టుకున్న జీతంలేని సెలవూ అయిపోయాయి. ఎనిమిదిన్నరకల్లా పాపని డేకేర్‌లో దింపి, అక్కణ్ణించి నాలుగు కిలోమీటర్లు తొక్కి నా ల్యాబుకి చేరాలి. కారు లేదు. బస్సుంది గానీ మధ్యలో మారాలి. చుట్టుపక్కల తల్లులంతా సైకిళ్ళ మీదే. ఇక తేల్చుకోవాల్సింది ఎలాంటి సీటన్నదే. నా సహచరుడిది ట్రైలర్ పక్షం, నాది ముందు సీటు పక్షం. గుంటూరు నుంచి ఫోన్లో అమ్మది "ఆ చలిగాలిలో పసిదాన్నేసుకుని సైకిలేంటే, టాక్సీ పెట్టుకోరాదూ" అనే పక్షం.

ట్రైలరంటే సైకిలు వెనక తగిలించుకునే రెండు చక్రాల గూడు బండి. పిల్ల నేలకి దగ్గరగా కూర్చుంటుంది. ఐదు పట్టీల బెల్టు ఉంటుంది. వానా గాలీ తగలవు. తగిలించే చోట తిరిగే కీలు ఉంటుంది కాబట్టి సైకిలు పక్కకి ఒరిగి పడినా ట్రైలర్ మామూలుగా నిలబడే ఉంటుంది. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం ఏడాది నిండని పిల్లని సైకిలెక్కించొద్దనీ, ఆ పైన కూడా సీటు కంటే ట్రైలరే మేలనీ చెబుతుంది. ఇవన్నీ అతను ఒక కాగితం మీద వరసగా రాసి చూపించాడు. కాదనడానికేమీ లేదు. ఒక స్నేహితురాలి ట్రైలర్ అడిగి తెచ్చి ఒక శనివారం కాలవ గట్టున తొక్కి చూశాను. పాప హాయిగా నిద్రపోయింది. నేను మాత్రం ప్రతి వంద గజాలకీ మెడ తిప్పి చూస్తూనే ఉన్నాను. కార్లు రాకుండా సైకిలు దారి మధ్య పాతిన స్తంభాల దగ్గర దాని వెడల్పు తలుచుకుని ఊపిరి బిగబట్టాను. ఇంటికొచ్చాక అసలు సంగతి తెలిసింది. మాది రెండో అంతస్తు, మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉంటాయి. రోజూ దాన్ని మడిచి పైకి మోసేదెవరో అతని కాగితంలో లేదు.

ముందు సీటు హ్యాండిల్‌కీ నాకూ మధ్య బిగిస్తారు. 9 నెలల నుంచి 15 కిలోల బరువు వచ్చేదాకా పనికొస్తుంది. పిల్ల తల మన గడ్డం కింద ఉంటుంది. మా నాన్న సైకిలుకి ముందు కడ్డీ మీద బిగించిన బుల్లి సీటులో కూర్చుని నేను బడికెళ్ళాను. ఆ సీటు మగవాళ్ళ సైకిలుకే పడుతుంది, లేడీస్ సైకిలుకి ఆ కడ్డీయే ఉండదు కదా. పరికిణీ కోసం, చీర కోసం కడ్డీ తీసేసిన బండి మీద పిల్లని ఎక్కడ కూర్చోబెట్టాలో మన దగ్గర ఎవరూ ఆలోచించినట్టు లేదు. ఆడపిల్ల సైకిలు తొక్కేది పెళ్ళిదాకానే అనుకున్నారేమో.

అయితే నేను ముందు సీటుకి అంతగా పట్టుబట్టడానికి కారణం నాన్న కాదు, పిన్ని. 1993లో తెనాలి నుంచి పెళ్ళికెళ్ళి వస్తూ, బాబాయి స్కూటరు వెనక ఎనిమిది నెలల పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రంగు వెయ్యని స్పీడ్‌బ్రేకర్ చీకట్లో కనపడలేదు. పిల్లాడు జారిపోయాడు. నుదుటి మీద ఏడు కుట్లు పడ్డాయి, అంతకు మించి ఏమీ కాలేదు. బాబాయి వేగం గురించి గానీ, ఆ స్పీడ్‌బ్రేకర్ వేసినవాళ్ళ గురించి గానీ ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. "సరిగ్గా పట్టుకోలేదు" అన్నారంతే. పరామర్శకొచ్చిన ప్రతి ఒక్కరూ ఆ మాటే అన్నారు, ఆడవాళ్ళతో సహా. వాడి పెళ్ళిలో బాసికం కట్టే ముందు పిన్ని ఆ మచ్చ తడిమి ఏడ్చింది. అప్పటికి పాతికేళ్ళు దాటింది.

మన చట్టం ఈ మనిషిని ఎలా చూసిందో తెలుసుకోవాలనిపించి చదివాను. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది, మోటారు సైకిలుకి వెనక కూర్చునేవాళ్ళు పట్టుకునే పిడీ, కాళ్ళు పెట్టుకునే చోటూ ఉండాలంటుంది. వాళ్ళ బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రాన్ని సగానికి తగ్గకుండా కప్పి ఉంచాలంటుంది. అంటే చీర మనిషి చట్టానికి కనపడింది. ఆమె ఒళ్ళో పిల్ల కనపడ్డానికి ఇంకో ముప్ఫయ్యేళ్ళు పట్టింది. 2022 ఫిబ్రవరిలో ఇచ్చిన నోటిఫికేషన్ 2023 ఫిబ్రవరి 15 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం నాలుగేళ్ళ లోపు పిల్లలకి జాకెట్ లాంటి కవచం తొడగాలి. 9 నెలలు దాటినవాళ్ళకి హెల్మెట్ పెట్టాలి. బండి గంటకి 40 కిలోమీటర్లు మించకూడదు. ఆ జాకెట్ పట్టీలు నడిపే మనిషి భుజాలకి తగిలించుకోవాలి. ఈ మాట దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. పిల్ల భారం మొదటిసారి నడిపే మనిషి వంటి మీదకి వచ్చింది, కనీసం కాగితం మీద. పోయినేడు సెలవులకి వెళ్ళినప్పుడు విజయవాడలో రెండు వారాలు వెతికాను, అలాంటి జాకెట్ వేసుకున్న పిల్ల ఒక్కతీ కనపళ్ళేదు. తల్లుల చేతులే కనపడ్డాయి.

ఇక్కడి వాళ్ళు ఏదో పుట్టుకతోనే జాగ్రత్తపరులని కాదు. 1971లో ఈ చిన్న దేశంలో రోడ్ల మీద 3,300 మంది చనిపోయారు, అందులో 400 మందికి పైగా పిల్లలు. మరుసటేడు 'పిల్లల హత్యలు ఆపండి' అన్న పేరుతో ఉద్యమం లేచింది. తల్లులూ తండ్రులూ పిల్లల్ని వెంటేసుకుని రోడ్లకి అడ్డంగా కూర్చున్నారు. నేను రోజూ తొక్కే ఎర్ర దారుల వెనక వాళ్ళున్నారు. ఎనిమిదేళ్ళ లోపు పిల్లని సైకిలు మీద తీసుకెళ్ళాలంటే వీపుకీ, చేతులకీ, పాదాలకీ ఆసరా ఉన్న సీటు ఉండాలని ఇక్కడ చట్టం. పాదాల మాట ఊరికే పెట్టలేదు, చువ్వల్లో పడి నలిగేవి అవే. అలాగని ఇక్కడ తల్లిని వెక్కిరించకుండా వదిలేశారనుకోకండి. ముందు పెద్ద పెట్టె ఉన్న సైకిల్లో పిల్లల్ని తిప్పే తల్లికి 'బాక్‌ఫీట్స్ మూడర్' అని వెటకారపు పేరొకటి ఉంది. కలిగినింటి ఇల్లాలు, దారంతా తనదే అనుకుంటుందని. అదే పెట్టె సైకిలు మీద పూర్వం రొట్టెలూ పాలూ మోసిన మగవాళ్ళకి అలాంటి పేరేదీ పెట్టలేదు. ఎలాగూ దాని ధర మాకు అందదు కాబట్టి నాకు ఆ బిరుదు తప్పింది.

చివరికి తేల్చింది దుకాణంలో ఆవిడ. ముందు సీటు బిగించి నన్ను ఎక్కమంది. నేను 5 అడుగుల ఒక అంగుళం. డచ్చి సైకిలు మీద సిగ్నల్ దగ్గర ఆగాలంటే కూర్చున్న చోటు నుంచి ముందుకి జారి నేల మీద నిలబడాలి. ఆ జారే చోటునే ఈ సీటు ఆక్రమించేస్తుంది. మోకాళ్ళు రెండు పక్కలా ఎడంగా పెట్టి తొక్కాలి. 10 కిలోల పాపతో, మునివేళ్ళు మాత్రమే నేలకి ఆనుతూ ట్రాము పక్కన ఆగడం ఊహించుకున్నాను. సీటు మీది చీటీ పిల్ల బరువు చెబుతుంది. ఐరోపా ప్రమాణం ఈఎన్ 14344 కూడా సీట్లని పిల్ల బరువుని బట్టీ, ముందా వెనకా అన్నదాన్ని బట్టీ విడగొడుతుంది. తొక్కే ఆడమనిషి పొడుగెంతో ఆ చీటీ అడగదు. ఆవిడ అడిగింది.

వెనక సీటే తీసుకున్నాం, 22 కిలోల దాకా ఆగేది. దానికంటే ముందు పాత సైకిలు అమ్మేసి, రెండు పాదాలూ నేలకి ఆనే చిన్న చక్రాల సైకిలు కొన్నాను. రెండు కాళ్ళ వెడల్పాటి స్టాండు వేయించాను, ఎందుకంటే వెనక సీటుతో ప్రమాదం తొక్కేటప్పుడు మాత్రమే కాదు, నిలబెట్టి పాపని ఎక్కించేటప్పుడు సైకిలు ఒరగడంలో కూడా ఉంది. చూడకుండా ఎలా ఉండగలనన్న భయం రెండు వారాల్లో తగ్గింది. అది నా కోటు వెనక బెల్టు పట్టుకుని లాగుతూ, కనపడిన ప్రతి బాతుకీ కేకేస్తూ ఉంటుంది. నోరు మూసుకుందంటే నిద్రపోయిందని అర్థం.

ఆవిడ ఇంకో మాట చెప్పింది. సీటు బిగించే కొక్కెం ఇంకోటి విడిగా దొరుకుతుంది, అతని సైకిలుకి కూడా బిగించుకుంటే సీటు ఒక్కటే చాలు. ఇప్పుడు మంగళ, గురువారాలు పొద్దున నేను పాపతోపాటు సీటు కూడా డేకేర్‌లో దింపేస్తాను. సాయంత్రం అతను దాన్ని తన సైకిలుకి తగిలించుకుని పాపని తీసుకొస్తాడు. ఆ రోజుల్లో ఆరింటిదాకా ల్యాబులోనే ఉంటాను. డేకేర్ గోడ పక్కన అలా దింపిన సీట్లు వరసగా ఉంటాయి, ఒక్కోదాని మీద ఒక్కో పేరు.

పోయిన నెల పిన్నికి వీడియోలో ఇవన్నీ చూపించాను. పాపని చూసి మురిసింది, చలికి బుగ్గలు పగిలాయని కొబ్బరినూనె రాయమంది. తర్వాత నెమ్మదిగా అడిగింది, "మరి నువ్వు ముందుకి తిరిగి తొక్కుతుంటే దాన్ని పట్టుకునేదెవరే?" బెల్టుంది పిన్నీ అన్నాను. ఏదీ చూపించమంది. ఫోను దగ్గరగా పెట్టి బిగించాను, తీశాను. ఇంకోసారి బిగించమంది.