చెరువు గట్టున ఒక రాత్రి

గత డిసెంబరు సెలవుల్లో మా పిల్లలు ఒక కోరిక కోరారు. ఏదైనా చెరువు గట్టున గుడారం వేసుకుని ఒక రాత్రి గడపాలట. మాది విజయనగరంలో ఒక చిరుద్యోగి కుటుంబం. విహార కేంద్రాల్లో గదులు మా స్తోమతకు మించినవి. చెరువు గట్టుకైతే రుసుము ఎవరికి చెల్లించాలి? అల్లాహ్ పరచిన నేల, ఆయన నిలిపిన ఆకాశం. అంతా ఉచితమే కదా అనుకుని శ్రీకాకుళం జిల్లా టెక్కలి సమీపంలోని తేలినీలాపురానికి బయలుదేరాము.

ఆ ఊరికి ఏటా వర్షాలు వెనుకబట్టే వేళ గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వస్తాయి. ఊళ్లోని చెట్ల మీద గూళ్లు కట్టి, గుడ్లు పొదిగి, పిల్లలకు రెక్కలొచ్చాక వేసవికి ముందే వెళ్లిపోతాయి. దగ్గరలోని నౌపడ చిత్తడి నేలల్లో వాటికి చేపలు సమృద్ధిగా దొరుకుతాయి.

అస్ర్ వేళకు చేరుకున్నాము. మగ్రిబ్ నమాజు తరువాత చెట్లకు చేరువలో గుడారం నిలిపాము. పెద్దబ్బాయి మంట కోసం పుల్లలు ఏరుతుండగా, చిన్నవాడు టార్చిలైటును కొమ్మల్లోకి తిప్పాడు. ఒక్కసారిగా రెక్కల చప్పుడు. ఒక తల్లిపక్షి గూడు విడిచి చీకట్లోకి ఎగిరి, చెట్టు చుట్టూ తిరగసాగింది.

ఎదురింటి ముసలమ్మ వచ్చింది. కోపగించుకోలేదు. "పురిటికొచ్చిన ఆడపిల్లలు బాబూ ఇవి. ఆళ్ల మొగాన దీపం పెడతారేటి? మా అరుగు మీద పడుకోండి, గుంటలకి చలేస్తది" అన్నది.

మేము సిగ్గుతో తల దించుకున్నాము. ప్రయాణంలో కొందరు సహచరులు రెండు పక్షిపిల్లలను పట్టుకోగా, తల్లి పడే వేదన చూసి, వాటిని తిరిగి ఇచ్చేయమని దైవప్రవక్త (స) ఆదేశించిన ఉదంతం అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. రాత్రివేళ దారి జంతువులు తిరిగే చోటు గనుక దానికి ఎడంగా విడిది చేయాలన్న హితవు సహీహ్ ముస్లింలో ఉంది. రెండూ పిల్లలకు ఎన్నోసార్లు చెప్పినవే. అవసరమైన క్షణాన మాకే గుర్తు రాలేదు.

దీపం ఆర్పి, గుడారం విప్పాము. "అబ్బా, అది తిరిగి వస్తుందా?" అని చిన్నవాడు అడిగాడు. జవాబు చెప్పలేకపోయాము. చాలాసేపటికి ఆ తల్లి గూటిలో వాలింది. అప్పుడు గాని వాడు మా చేయి వదలలేదు.

ఆ రాత్రి అరుగు మీద ముసలమ్మ కబుర్లు విన్నాము. రెట్టల వాసన, పెరట్లో రాలే చేపముక్కలు ఆమెకు ఏళ్లుగా అలవాటు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఈ ప్రాంతపు కొబ్బరి, జీడి తోటలను కూల్చినప్పుడు, తన ఇంటికప్పు కన్నా ఆ గూళ్ల కోసమే ఎక్కువ బెంగపడ్డానన్నది. మేము ఉచితమనుకున్న దాని వెల ఎవరు చెల్లిస్తున్నారో అప్పుడు అర్థమైంది.

ఫజ్ర్ నమాజుకు ఆమే చాప పరిచింది. సలాం చెప్పి తలెత్తే సరికి పక్షులు నౌపడ వైపు సాగుతున్నాయి.

మీరూ పిల్లలను తీసుకువెళ్లండి. పగటి వెలుగులో, దూరం నుంచి చూపించండి. రాత్రి బసకు మాత్రం చెట్లకు ఎడంగా మరో చోటు చూసుకోండి. అల్లాహ్ మనకిచ్చిన నేల ఉచితం కాదు, అమానతు.