కొత్త తాళం, పాత ప్రోగ్రాములు

సెక్యూరిటీ వాళ్ళకీ, అప్లికేషన్లు రాసేవాళ్ళకీ మధ్య ఉన్నది అత్తాకోడళ్ళ సంబంధం. ఇన్నాళ్ళూ తెరిచి ఉన్న తలుపు మూసెయ్యాలని వీళ్ళు, మూస్తే మా కస్టమరు ఎటునుంచి వెళ్ళాలని వాళ్ళు. మా టీములో ఇప్పుడు అదే గొడవ నడుస్తోంది. మేము రాసే స్టోరేజి సాఫ్ట్‌వేర్లో ఫైలు అనుమతుల తనిఖీ ఒక చోట బాగా వదులుగా ఉంది. బిగించడానికి పది లైన్ల కోడు కూడా పట్టదు. ఆ పది లైన్ల మీద రెండు నెలలుగా మీటింగులు జరుగుతున్నాయి. కొత్తగా చేరిన కుర్రాడొకడు ఉండబట్టలేక అడిగేశాడు: "అనుమతి లేకపోతే యాక్సెస్ డినైడ్ అని పడేస్తే పోతుంది కదండీ. కాదనడం కన్నా సేఫ్ ఏముంటుంది?"

మంచి ప్రశ్నే. కానీ కాదనడం అన్నిసార్లూ సేఫ్ కాదు. కాదనిపించుకున్న ప్రోగ్రాము ఆ తరవాత ఏం చేస్తుందన్నది మన చేతిలో లేదు కదా!

యునిక్సులో కొన్ని ప్రోగ్రాములు రూట్‌గా మొదలై, అవసరం తీరాక సెట్‌యూఐడీ అనే కాల్ చేసి మామూలు వాడుకరి స్థాయికి దిగిపోతాయి. లైనక్స్ 2.2 కెర్నెల్లో రూట్ అధికారాన్ని ముక్కలు చేసి కేపబిలిటీలు అని పెట్టారు. ఉద్దేశం బంగారం, ఎవరికి కావలసిన ముక్క వాళ్ళకిస్తే చాలని. అయితే 2000 జూన్‌లో ఒక సంగతి బయటపడింది. మామూలు వాడుకరి ఎవరైనా "యూఐడీ మార్చే అధికారం" అన్న ముక్కని ముందే తీసేసి, ఆ తరవాత సెండ్‌మెయిల్‌ని నడిపించవచ్చు. సెండ్‌మెయిల్ రూట్‌గా మొదలవుతుంది, అలవాటు ప్రకారం కిందికి దిగబోతుంది. పూర్తిగా దిగడానికి కూడా ఆ ముక్కే కావాలి! అది లేదు కాబట్టి కెర్నెల్ సగమే దింపి, పైగా "సరే, అయిపోయింది" అని జవాబిచ్చింది. సెండ్‌మెయిల్ తను దిగిపోయాననుకుని పని చేసుకుపోయింది. వెనక రూట్‌లోకి తిరిగి ఎక్కే నిచ్చెన అలాగే ఉంది. 2.2.16లో కెర్నెల్‌ని సరిచేశారు. సెండ్‌మెయిల్ వాళ్ళు కూడా 8.10.2లో, నిజంగా దిగామా లేదా అని చూసుకునే కోడు పెట్టుకున్నారు. అధికారాలు తగ్గించడానికి తెచ్చిన ఏర్పాటే కన్నం అయిందన్నమాట.

ఒకసారి దెబ్బ తిన్నాక బుద్ధి వచ్చిందా అంటే, రాలేదు. 2.6 కెర్నెల్లో "ఒక వాడుకరికి ఇన్ని ప్రాసెస్‌లే" అన్న పరిమితిని సెట్‌యూఐడీ దగ్గర కూడా చూడటం మొదలుపెట్టారు. పరిమితి దాటి ఉంటే కాల్ విఫలమవుతుంది. రూట్ నుంచి దిగడం విఫలమవుతుందని ఎవరు ఊహిస్తారు? చాలా ప్రోగ్రాములు ఆ కాల్ ఏం జవాబిచ్చిందో చూసేవి కావు. 2010 ప్రాంతంలో ఆండ్రాయిడ్ ఫోన్లు రూట్ చేసిన వాళ్ళకి "రేజ్ ఎగైన్‌స్ట్ ది కేజ్" అన్న పేరు గుర్తుండే ఉంటుంది. అది చేసిందల్లా ప్రాసెస్‌లు పుట్టించి పుట్టించి పరిమితి నింపెయ్యడం, తరవాత ఏడీబీ డీమన్ మళ్ళీ మొదలయ్యేలా చూడటం. డీమన్ దిగబోయింది, కెర్నెల్ కుదరదంది, డీమన్ ఆ మాట వినలేదు, రూట్‌గానే ఉండిపోయింది! 2011లో 3.1 కెర్నెల్లో ఈ తనిఖీని సెట్‌యూఐడీ దగ్గర తీసేసి ఎగ్జెక్ దగ్గర పెట్టారు. ఎగ్జెక్ కుదరకపోతే కొత్త ప్రోగ్రాము అసలు మొదలే కాదు, గొడవ లేదు. నాకు బాగా నచ్చిన మార్పు ఇది. నియమం అదే, నిలబెట్టిన చోటు వేరు.

సరే, కాదనడం ప్రమాదమైతే ఔనని అబద్ధం చెప్పొచ్చు కదా అంటారా? మైక్రోసాఫ్ట్ వాళ్ళు అదీ చేశారు. ఎక్స్‌పీ రోజుల్లో ఇళ్ళలో, దుకాణాల్లో అందరూ అడ్మినే. ప్రోగ్రాములు తమ డేటాని దర్జాగా ప్రోగ్రామ్ ఫైల్స్‌లోనే రాసుకునేవి. 2007లో జనంలోకి వచ్చిన విస్టా ఆ రాతని ఆపాలి. ఆపితే సగం సాఫ్ట్‌వేరు కూలుతుంది. అందుకని పాత 32 బిట్ ప్రోగ్రాము అక్కడ రాయబోతే, దానికి తెలియకుండా ఆ వాడుకరి సొంత వర్చువల్‌స్టోర్ ఫోల్డర్లోకి మళ్ళించారు. ప్రోగ్రాముకి మాత్రం అంతా ప్రోగ్రామ్ ఫైల్స్‌లోనే ఉన్నట్టు కనిపిస్తుంది. తెలివైన ఉపాయమే, కాదనను.

గుంటూరు జిల్లాలో మా బాబాయికి ఎరువుల దుకాణం ఉండేది. రైతుల అప్పు ఖాతాలు ఒక చిన్న వీబీ ప్రోగ్రాములో ఉండేవి. రాసిన కంపెనీ అప్పటికే మూతబడింది. పాత కంప్యూటరు పోయి విస్టాది కొన్నాక, బాబాయికి ఒక లాగిన్, గుమాస్తాకి ఒక లాగిన్ పెట్టించాడు (ఎవరో సెక్యూరిటీకి మంచిదని చెప్పారట, అది నిజమే). నెల తిరిగాక ఒక రైతుని దుకాణంలో పదిమంది ముందు బాకీ అడిగాడు. "కట్టేశానండీ, మీ గుమాస్తాకే ఇచ్చాను" అన్నాడాయన. బాబాయి స్క్రీన్ మీద బాకీ బాకీగానే ఉంది. మాటా మాటా పెరిగింది. ఆయన మళ్ళీ ఆ దుకాణం మెట్లెక్కలేదు. గుమాస్తా డబ్బు నొక్కేశాడన్న మాట కూడా పుట్టింది. పాపం అతను ఇద్దరు పిల్లలవాడు, రాత్రి నాకు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాడు. నేను వెళ్ళి చూస్తే ఏముంది, ఒకే డేటా ఫైలు రెండు వర్చువల్‌స్టోర్లలో రెండుగా పెరుగుతోంది. గుమాస్తా ఎంట్రీలు గుమాస్తావి, బాబాయివి బాబాయివి. ఒక్క ఎర్రరు లేదు, ఒక్క హెచ్చరిక లేదు. రసీదు పుస్తకాలు ముందు పెట్టుకుని ఆదివారమంతా కూర్చుని రెండూ కలిపాం. డేటాని ఇద్దరికీ అందే ఫోల్డర్లోకి మార్చాను.

మైక్రోసాఫ్ట్ దీన్ని తాత్కాలిక ఏర్పాటనే చెప్పింది. విండోస్ 11లో కూడా అది ఉంది! తాత్కాలికాలు ఎంత కాలం బతుకుతాయో మన వృత్తిలో ఉన్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

ఇంకో దారి ఉంది. నిజాయితీ గల ప్రోగ్రాము ఎప్పుడూ చెయ్యని పనినే వెతికి దాన్నొక్కదాన్నే ఆపడం. అందరూ రాయగల టెంప్ డైరెక్టరీలో దొంగ ఒక సింబాలిక్ లింకు పెడతాడు, రూట్ ప్రోగ్రాము దాన్ని నమ్మి పాస్‌వర్డ్ ఫైలు మీద రాస్తుంది. ఇది ఏనాటిదో దాడి. 2012లో లైనక్స్ 3.6లో పెట్టిన నియమం చూడండి, ఎంత సన్నగా ఉందో: స్టికీ బిట్ ఉండి అందరూ రాయగల డైరెక్టరీలో, లింకు పెట్టినవాడూ తెరిచేవాడూ ఒకరే అయితేనో, లింకు పెట్టినవాడూ డైరెక్టరీ యజమానీ ఒకరే అయితేనో తప్ప లింకుని అనుసరించరు. ఇంత జాగ్రత్తగా పెట్టినా ఎవరిదో స్క్రిప్టు ఆగిపోయింది. లైనస్ టోర్వాల్డ్స్ సంగతి తెలిసిందేగా, యూజర్‌స్పేస్‌ని విరగ్గొట్టడం ఆయన దగ్గర మహాపాపం. 3.7లో ఆ తనిఖీని డిఫాల్టుగా ఆపేసి సెట్టింగుగా వదిలేశారు. తరవాత డిస్ట్రిబ్యూషన్లు తమంతట తామే ఆన్ చేసుకున్నాయి. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోకూడదన్నదే లైనస్ వాదన. నిజమే, కానీ ఎలుకలు కూడా అదే మాట అంటాయి కదా!

ఆండ్రాయిడ్ వాళ్ళ లెక్క వేరు. 2015లో 6.0తో, యాప్ నడుస్తున్నప్పుడు అనుమతి అడగాలన్నారు. అయితే టార్గెట్ వెర్షను 22 గానీ అంతకన్నా తక్కువ గానీ అని రాసుకున్న యాప్‌కి పాత మర్యాదే, ఇన్‌స్టాల్ చేసేటప్పుడే అన్నీ ఇచ్చేస్తారు. పాత యాప్‌లు బతికాయి, బాగుంది. మరి దొంగ యాప్‌లు ఊరుకుంటాయా? కావాలనే 22 అని రాసుకుని దర్జాగా లోపలికొచ్చాయి. 2018 నుంచి ప్లే స్టోర్లో కొత్త యాప్‌ల టార్గెట్ కనీసం 26 ఉండాలన్నారు. 2023లో ఆండ్రాయిడ్ 14, 23 కన్నా తక్కువ అని రాసుకున్న యాప్‌లని ఇన్‌స్టాల్ చెయ్యనివ్వడం మానేసింది. తలుపు పూర్తిగా మూయడానికి ఎనిమిదేళ్ళు! నా మటుకు నాకు ఇది ఆలస్యం అనిపించదు. గడువు వేసి మూశారు. విస్టా వాళ్ళు వెయ్యనిది ఆ గడువే.

ఎస్‌ఈలైనక్స్‌ని కూడా ఆండ్రాయిడ్‌లో ఇలాగే మెల్లగా దించారు: 4.3లో ఆపకుండా లాగ్ మాత్రమే రాసింది, 4.4లో కొన్ని డీమన్లని ఆపింది, 5.0లో అందరినీ. అదే ఎస్‌ఈలైనక్స్ మన సర్వర్లలో ఏమైందో తెలుసుగా. ఎన్ని ఇన్‌స్టలేషన్ గైడుల్లో మొదటి మెట్టు "ఎస్‌ఈలైనక్స్ డిసేబుల్ చెయ్యండి" అనో చూడలేదూ!

అందుకే ఆ కుర్రాడితో, ముందు ఆపకుండా లాగ్ రాయించు అన్నాను. ఎవరు, ఏ ఫైలు, కొత్త నియమం ఉంటే ఆగేదా లేదా, అంతే. ఒక్క వారమైతే నెలాఖరు బ్యాచ్ జాబులు దొరకవు, కాబట్టి మూడు నెలలు. బిగింపు ఏ రిలీజులో వస్తుందో కస్టమర్లకి ఇప్పుడే మెయిల్ వెళ్ళాలి. మేనేజరు "తేదీ వెయ్యకుండా వదిలేద్దాం, తరవాత చూసుకుందాం" అన్నాడు. నేను ఒప్పుకోలేదు.

లాగ్ మొదలై ఐదు వారాలైంది. కొత్త నియమానికి తగిలేవి ఇప్పటికి మూడు. రెండు మా సొంత స్క్రిప్టులే. మూడోది ఒక కస్టమరు దగ్గర రోజూ తెల్లవారుజామున 3 గంటలకి పేరోల్ ఫోల్డర్ చదివిపోతోంది. అది ఎవరిదని అడిగితే వాళ్ళ ఐటీ వాళ్ళు మాది కాదంటున్నారు.