తలక్రిందుల గడియారము

ఇంగ్లండు ఆసుపత్రులలో నర్సులు ఎదపై తలక్రిందులుగా వ్రేలాడు చిన్న గడియారమును ధరింతురు. ఎదుటివారికి తారుమారుగా కనబడు ఆ ముఖము, ధరించినయామె తల వంచి చూచినప్పుడు మాత్రమే సరియగును. రోగి నాడిపై వ్రేళ్ళుంచి, సెకనుల ముల్లు వెంట కన్ను నడపుచు, ఆమె పరుల గుండె చప్పుడు లెక్కించును. అంటు వ్యాపించునను భయముచేత, మోచేతికి దిగువ గడియారముగాని గాజులుగాని కూడదని 2007లో అక్కడి ప్రభుత్వము ప్రకటించినది. రాయిలేని సాదా ఉంగర మొక్కటి ఉండవచ్చును.

నియమము న్యాయమైనదే. అయినను, గుంటూరు నుండి అచ్చటికి పోయిన మా మేనకోడలు పనికి పోవు ప్రతిదినమును గాజులు తీసి పెట్టుచున్నదని విని, బోసిచేతులు అశుభమనుకొను మా అక్క ఎంత తల్లడిల్లినదో నేనెరుగుదును. చలికాలమున అక్కడి కాలము మనకన్న ఐదున్నర గంటలు వెనుక. రాత్రి డ్యూటీ ముగించి ఆ పిల్ల బయటికి వచ్చు వేళకు ఇక్కడ మధ్యాహ్న భోజనములు కానిత్తురు. ఆంగ్లపరీక్షలు, ధ్రువపత్రములు, ప్రయాణమునకు తెచ్చిన అప్పు, ఇన్నియు దాటి పోయిన బిడ్డ ఏ ముసలి ఆంగ్లేయురాలి పడక చెంతనో నిలిచియుండగా, ఇక్కడ తల్లిని చూచువారెవరన్న ప్రశ్న నన్ను విడువదు. మందుల దుకాణపు కుర్రవాడు చూచి చీటీపై వ్రాసిచ్చిన బీపీ అంకెలను అక్క ప్రతి ఆదివారము ఫోనులో చదువును. ఆ పిల్ల విని, డాక్టరు వద్దకు పొమ్మని బ్రతిమాలుకొనును.